కోటు కింద తోడేలు

ఆ వసంతంలో మా ఇంటి మగవాళ్ళు నాకు "పోలీసు కోడలు" అని పేరు పెట్టారు. ముఖం మీద అనేవారు కాదు. గుర్రాల దగ్గర నిలబడి, నాకు వినబడేంత గట్టిగా అనుకునేవారు. విన్నా విననట్టు ఉండడం కోడలి లక్షణం కాబట్టి నేను అలాగే ఉండేదాన్ని. కాకపోతే చేతిలో తారు డబ్బా పట్టుకుని వాకిలికి అడ్డంగా ఉండేదాన్ని. నన్ను దాటకుండా ఎవరూ వేటకు వెళ్ళడానికి లేదు.

మాది కరతావు కొండల కింద ఊరు. గొర్రెలు, గుర్రాలు, ఊరి మొదట్లో ఒక కాలువ, దాని మీద ఒకటే వంతెన. తోడేలుకు మా దగ్గర కాలనియమం లేదు, ఏడాది పొడుగునా కొట్టవచ్చు. ఆ ఏడు మంచు కరుగుతూనే తోడేళ్ళు గొర్రెపిల్లల మీద పడ్డాయి. మంచు కరగగానే ఆకలితో లేచేవి ఇంకా ఉన్నాయి. ఎండుగడ్డిలో, పొదల్లో, కుందేళ్ళ బొరియల దగ్గర కాచుకుని కూర్చునే పిడుదులు. అంతకు ముందు ఏడు పక్క ఊళ్ళో గొర్రెబొచ్చు కత్తిరించే అతను వాటిని గోటితో చిదిమాడు. నాలుగు రోజులు తిరక్కుండానే జ్వరం వచ్చి, ముక్కునుంచీ చిగుళ్ళనుంచీ రక్తం కారి పోయాడు. కాంగో జ్వరం అన్నారు. దున్నపోతులాంటి మనిషి. తర్వాత అతని పెళ్ళాన్ని సంతలో చూశాను. ఉల్లిపాయలు చేతిలో పట్టుకుని, ఎందుకు పట్టుకుందో మర్చిపోయి నిలబడింది. ఆ రోజునుంచే నేను పోలీసునయ్యాను.

మామయ్య పేరు నేను పలకను. అత్తమామల పేర్లు కోడలు నోట అనకూడదు, వేరే పేరేదో పెట్టుకుని పిలుచుకోవాలి. నేను ఆయనకు వేటమామ అని పెట్టుకున్నాను. ఎదురుగా నిలబడి ఆయనకు ఆజ్ఞలు ఇవ్వడం అసలే కుదరదు. అందుకని కుక్కకు చెప్పేదాన్ని. అది తాజీ జాతి వేటకుక్క, సన్నటి నడుము, పేరు కుయిన్. ఆయన దాన్ని కొడుకుతో సమానంగా చూసేవాడు, తిండి దగ్గర కొంచెం ఎక్కువగానే చూసేవాడు.

"కుయిన్, నీ యజమాని పాంటు మేజోళ్ళ బయట వేలాడుతోంది. పాంటు లోపలికి దోపి మేజోడు పైకి లాగాలి. లేకపోతే పిడుదు మోకాలి దాకా నడుచుకుంటూ వెళ్తుంది. చెప్పు ఆయనకి," అనేదాన్ని.

"కుయిన్, మా తాత తోడేళ్ళని కొట్టిన రోజుల్లో ఆయనకి మేజోళ్ళే లేవని కోడలమ్మకి చెప్పు," అనేవాడు వేటమామ అంతే గంభీరంగా.

"ఆ తాత ఎన్నేళ్ళు బతికాడో కూడా కనుక్కో కుయిన్."

"తొంభై రెండు."

నా భర్త ఎర్మెక్ జీను పట్టీ బిగిస్తూ పడీ పడీ నవ్వేవాడు. ఎర్మెక్ అంటే వినోదం అని అర్థం, పేరుకు తగ్గ మనిషి. అయినా నేను చెప్పినవన్నీ చేసేవాడు. పిడుదు పాకితే కనబడాలని తెల్ల చొక్కా తొడుక్కునేవాడు. చొక్కా పాంటులోకి, పాంటు మేజోడులోకి. మణికట్లకూ చీలమండలకూ తారు పూసిన గుడ్డపట్టీలు. పట్నంనుంచి తెప్పించిన మందు బట్టల మీద చల్లితే గుర్రం తుమ్మేది. తిరిగి వచ్చాక కొట్టం వెనకాల బట్టలన్నీ విప్పి దులపాలి. తండ్రి ఒళ్ళు కొడుకు చూడాలి, కొడుకు ఒళ్ళు నేను చూడాలి. కుక్క చెవులు నేనే చూసేదాన్ని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పిడుదును పట్టకారుతో తీసి కిరసనాయిలు డబ్బాలో పడేసేదాన్ని. గోటితో చిదమడం మాత్రం ఎవరూ చేయకూడదు. మా వాళ్ళకు అది పేను కుక్కినంత అలవాటు. ఆ అలవాటు మాన్పించడానికి నెత్తీ నోరూ బాదుకోవలసి వచ్చింది.

నాకంత పట్టుదల ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఊయలలో తుర్సిన్ ఉన్నాడు. అంతకు ముందు అదే ఊయలలోంచి ఇద్దరు పిల్లల్ని తీసి మట్టికి ఇచ్చాం. తుర్సిన్ అంటే నిలవనీ అని. పిల్లలు నిలవని ఇళ్ళలో పెట్టుకునే పేరు.

అత్తయ్య దారి వేరు. ఆవిడకు తారు మీద నమ్మకం లేదు, తోడేలు మీద ఉంది. పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డను తోడేలు దవడలోంచి దూర్చాలనేది. మూతి చుట్టూ చర్మం గుండ్రంగా ఒలిచి ఎండబెట్టి, ఆ కంతలోంచి బిడ్డను ఇటునుంచి అటు తీస్తారు. ఒకసారి తోడేలు మింగి వదిలేసిన బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. ఈ మాట వాడు పుట్టిన మర్నాటినుంచీ చెబుతోంది.

"నలభయ్యో రోజు స్నానానికల్లా కావాలి," అంది ఒక పొద్దున, రొట్టె తుంచి ఎర్మెక్ చేతిలో పెడుతూ. "అడుక్కొచ్చింది పనికిరాదు. పంచుకున్నదీ పనికిరాదు. తండ్రి చేత్తో తేవాలి, తోకతో సహా తేవాలి."

"తోడేలుకి చెప్పి ఉంచనా అమ్మా, తోకతో సహా రమ్మని?"

"నీ వేళాకోళం నా దగ్గర కాదు. వంతెన దగ్గర ఆ కరిప్ ముసలాడు కూర్చుని ఉంటాడు. అది చూసుకో ముందు."

కరిప్ తాత సంగతి చెప్పాలి. వేటనుంచి వచ్చేవాడికి పెద్దవాళ్ళు ఎవరైనా ఎదురై, "నీ జీనుతాడుకి కొవ్వంటాలి" అని, అంటే జీనుకి కట్టుకొచ్చేంత వేట పడాలని, దీవించి వాటా అడిగితే, తెచ్చినదాన్ని ముందు పెట్టాలి. ఆయన ఏది కోరితే అది ఇవ్వాలి, మొత్తం కోరితే మొత్తం. లేదనకూడదు, దాచకూడదు. దాచినవాడికి మళ్ళీ వేట పడదు, ఇంటికి మంచిది కాదు. ఇది అందరికీ ఉన్న ఆచారమే గాని, దాన్ని ఉద్యోగంగా చేసుకున్నవాడు కరిప్ తాత ఒక్కడే. వంతెన పక్కన చేతిపంపు దగ్గర బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. జన్మలో తుపాకీ పట్టలేదు. ఆయన పొయ్యి మీద కుందేలు ఉడకని వారం లేదు.

"ఊళ్ళో అసలు వేటగాడు కరిప్ తాతే," అనేవాడు ఎర్మెక్. "ఒక్క తూటా ఖర్చు లేదు, గురి తప్పిందీ లేదు."

ఆ ముందటేడు వేటమామ ఒక నక్కను కొడితే దాని చర్మం తాత టోపీ అయింది. వేటమామ దాన్ని చూసినప్పుడల్లా తన టోపీ సర్దుకునేవాడు. కాని పల్లెత్తు మాట అనలేదు. అడిగింది ఇవ్వడం ఆయనకు నమాజు లాంటిది.

*

మే నెలలో, తుర్సిన్‌కు నలభయ్యో రోజు దగ్గరపడుతుండగా, వాళ్ళు తోడేలును కొట్టారు.

నేను తందూరు దగ్గర రొట్టెలు తీస్తున్నాను. నడినెత్తిన ఎండ. ముందు వేటమామ వచ్చాడు, ఖాళీ జీనుతో, తల వంచుకుని. పడలేదు కాబోలు అనుకున్నాను. ఆయన వెనకే ఎర్మెక్ వచ్చాడు. తెల్లవారుజామున చలికని పట్టుకెళ్ళిన, లోపల పత్తి కూరిన మందపాటి కోటు, గడ్డం దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. మొహమంతా చెమట. రెండు చేతులతో పొట్ట పట్టుకుని గుర్రం మీద ముందుకు వంగి ఉన్నాడు. నా చేతిలోని రొట్టె బూడిదలో పడింది.

"దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు. ఇటు రా, నీకొకటి చూపిస్తా."

పై గుండీ తీశాడు. కోటులోంచి తోడేలు తల బయటికి వాలింది. మూతికి తెల్ల చొక్కా చుట్టి ఉంది. అది నేను పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా.

"తాతకి టోపీ పెట్టాను మక్పాల్," అన్నాడు. ఆ మొహం నేనింకా చూడగలను. పరీక్ష పాసైన పిల్లాడిలా ఉన్నాడు. "ఆయన కళ్ళ ముందునుంచే వచ్చాను. జీను మీద ముందు పెట్టుకుని, పైన కోటేసుకుని. సలాం కూడా చెప్పాను. బకెట్టులో ఏదో పోయినట్టు అందులోకి తొంగిచూస్తూ కూర్చున్నాడు, తలెత్తితేగా."

వేటమామ గుర్రం దిగి కళ్ళెం గుంజకు కట్టాడు. "కొవ్వంటని నా జీను చూపించి ఏమీ పడలేదన్నాను," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "ఇన్నేళ్ళొచ్చాక."

"మనవడి కోసమేగా నాన్నా."

"మనవడి కోసమే," అన్నాడాయన. సరేనన్నట్టు లేదు ఆ గొంతు.

అత్తయ్య ఊయల దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చింది. తోడేలు నుదురు ముట్టుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపడం మా ఇంట్లో అదే మొదలు. ఆవిడకు కోపం కూడా రాలేదు, అంత సంతోషంలో ఉంది.

నాకు మాత్రం సంతోషం రాలేదు. నేను కోటు వైపు చూస్తున్నాను. చచ్చిన జంతువు చల్లబడుతుంది. చల్లబడే ఒంటి మీద పిడుదు ఉండదు, వెచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. కొండ దగ్గరనుంచి వంతెన దాకా, వంతెన దగ్గరనుంచి ఇంటి దాకా, ఆ తోడేలుకు ఆనుకుని వెచ్చగా ఉన్నది ఎర్మెక్ పొట్ట. మధ్యలో చొక్కా కూడా లేదు, ఒక్క బనీను.

"చొక్కా ఎందుకు తీశావు?"

"మూతినుంచి రక్తం కారుతోంది. దారంతా చుక్కలు పడితే తాత పట్టేయడూ?"

"మామూలుగా వెనకాల జీనుకి కట్టి తేవచ్చుగా."

"కట్టి తెస్తే ఆయన అడుగుతాడు. అడిగితే ఇవ్వాలి. ఇస్తే నీ కొడుక్కి దవడ ఎక్కడిది?" అన్నాడు నవ్వుతూ, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు.

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. తోడేలును ఒలిచినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ రబ్బరు తొడుగులు వేసుకున్నారు. చర్మం మీద మందు చల్లాను. కోటును పొయ్యిలో పెట్టాను. మంచి కోటు. ఎర్మెక్‌ను కొట్టం వెనక్కి తీసుకెళ్ళి బనీను విప్పించాను. బొడ్డు పక్కన ఒకటి కరిచి పట్టుకుని ఉంది. ఇంకొకటి నడుము పట్టీ కింద పాకుతోంది. దారం తెస్తానని నేను అటు తిరిగాను. తిరిగి వచ్చేసరికి, పాకుతున్న దాన్ని తీసి గోటి కింద పెట్టి, కొట్టం వెనక గుమ్మం రాయి మీద చిదిమేశాడు. బొటనవేలు మీద ఎర్రటి చుక్క.

"ఎర్మెక్."

"అయ్యో," అన్నాడు. నిజంగానే తెలియకుండా చేశాడు. తన వేలివైపు తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. "చెయ్యి దానంతటదే వెళ్ళింది మక్పాల్."

ఆ వేలికి జీను పట్టీ కోసుకున్న గాయం ఉంది. స్పిరిట్ పోశాను. మంట పుట్టి గంతులేస్తూ, "కుయిన్, మీ అమ్మ నన్ను చంపేస్తోందని ఊళ్ళో చెప్పు," అన్నాడు. కరిచినదాన్ని దారంతో ముడివేసి మెల్లగా తిప్పి, తల తెగకుండా తీశాను. సీసాలో వేసి ఊరి నర్సు దగ్గరకు ఇద్దరం వెళ్ళాం. ఆవిడ పేరు రాసుకుని, రోజూ జ్వరం చూసుకొమ్మంది. జ్వరం వస్తే ఆ నిమిషమే ఫోను చేయమంది. ముందుగా ఇచ్చే మందు ఏమైనా ఉందా అని అడిగాను.

"అన్ని పిడుదుల్లోనూ ఆ జబ్బు ఉండదమ్మా. దేవుణ్ణి తలుచుకో," అంది.

దేవుణ్ణి తలుచుకోవడం నాకు ముందే తెలుసు. ఇంకేదైనా చెబుతుందేమోనని వెళ్ళాను.

*

నలభయ్యో రోజున తుర్సిన్‌కు స్నానం. వెండి ఉంగరాలు వేసిన గిన్నెలోంచి ఒక్కొక్క చెంచా నీళ్ళు బిడ్డ నెత్తిన పోయాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చారు. దవడచర్మం కొట్టం చూరుకు వేలాడుతోంది. ఇంకా పచ్చిగానే ఉంది, రెండు రోజులు పోతే గాని ఎండదంది అత్తయ్య. దవడ తంతు తర్వాత చేద్దామనుకున్నారు.

ఎర్మెక్ వాకిట్లో టీ నీళ్ళు కాచే సమోవార్ దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తున్నాడు. ఆ ఎండలో మంటకు అంత దగ్గరగా ఎందుకు కూర్చున్నాడో నాకు వెంటనే అర్థమైంది. వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేశాను.

"పొద్దుటినుంచీ నడుం నొప్పి," అన్నాడు. "గుర్రం మీద ఎక్కువసేపు ఉన్నా కదా."

"కళ్ళెందుకు అలా ఎర్రగా ఉన్నాయి?"

"పొగ."

సమోవార్ పొగ అతనికి అవతలివైపు పోతోంది.

నేను ఇంట్లోకి వెళ్ళి జిల్లా ఆసుపత్రికి ఫోను చేశాను. లోపల ఆడవాళ్ళు బిడ్డ నెత్తిన నీళ్ళు పోస్తూ దీవిస్తున్నారు. అవతలి గొంతు నన్ను ఊరి పేరు మళ్ళీ చెప్పమంది. చెప్పాను. తోడేలు, కోటు, బొటనవేలు, అన్నీ చెప్పాను.

బండి వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనబడని తెల్ల ముసుగులు వేసుకుని ఇద్దరు దిగారు. వాళ్ళను చూడగానే స్నానానికి వచ్చిన ఆడవాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని ఒక్కొక్కరే గోడ వెంట వెళ్ళిపోయారు. ఎర్మెక్ తనే నడిచి బండి ఎక్కాడు. బిడ్డను చూపించమన్నాడు. గుమ్మంలోంచే చూపించాను, దగ్గరికి రావద్దన్నారు.

"తల తడిగా ఉంది, తుడువు," అన్నాడు. "జలుబు చేస్తుంది."

తలుపు వేశారు. వేటమామ గుర్రం ఎక్కి ఆ బండి వెనకాల వంతెన దాకా వెళ్ళాడట. గుర్రం బండిని ఎక్కడ అందుకుంటుంది.

ఆ సాయంత్రమే ఇంకో బండి వచ్చింది. కొట్టంలో, వాకిట్లో, గుమ్మం రాయి మీద, అంతటా ఘాటైన మందు కొట్టారు. తోడేలు చర్మాన్నీ, చూరుకు వేలాడుతున్న దవడనూ కొక్కెంతో దించి, గొయ్యి తీసి పెట్రోలు పోసి కాల్చారు. అత్తయ్య వాళ్ళ కాళ్ళ మీద పడినంత పని చేసింది.

"దవడ ఒక్కటీ వదిలేయండి నాయనా. మీకు దణ్ణం పెడతా. బిడ్డ కోసం దాచాం."

"బిడ్డ కోసమే కాలుస్తున్నామమ్మా," అన్నాడు ముసుగులోంచి ఒకతను. కుర్రగొంతు. అతను చెప్పింది నిజమే. అత్తయ్య ఏడ్చిందీ నిజమే. నేను ఇద్దరి మధ్యా బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. నా వల్ల అయింది అదొక్కటే.

*

జిల్లా ఆసుపత్రిలో అంటురోగాల వార్డు వెనకవైపు ఉంటుంది. లోపలికి రానివ్వరు. కిటికీ బయట కంకర మీద నిలబడి చూసుకోవచ్చు. మా అందరికీ జ్వరం లేదని చూశాక, బిడ్డను అత్తయ్య దగ్గర వదిలి నన్ను ఒకసారి వెళ్ళనిచ్చారు. పాలు కట్టిన రొమ్ములతో, వేటమామ పక్కన కిటికీ ముందు నిలబడ్డాను.

ఎర్మెక్ మంచం మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. ముక్కులో దూది. దూది ఎర్రగా ఉంది. చేతుల మీద సూదులు గుచ్చిన చోటల్లా నల్లటి మచ్చలు కట్టాయి. మమ్మల్ని చూసి నవ్వాడు. చిగుళ్ళు చూసి నేను తల పక్కకు తిప్పుకుందామనుకున్నాను, తిప్పుకోలేదు. అద్దం మందం, మాట వినబడదు. ఏదో అన్నాడు. మళ్ళీ అన్నాడు. నాకు అర్థం కాలేదని తెలిసి, చెయ్యి మెల్లగా ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు. రెండో చేతి వేలు ఆ సున్నాలోంచి దూర్చి చూపించాడు. ఇటునుంచి అటు.

దవడలోంచి దూర్చారా అని అడుగుతున్నాడు.

వేటమామ నా వైపు చూశాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన నా కళ్ళలోకి చూడడం అదే మొదలు. నేను ఎర్మెక్‌కు తల ఊపాను. అయింది అని. గట్టిగా, రెండు మూడుసార్లు ఊపాను. వేటమామ కూడా ఊపాడు.

ఎర్మెక్ తృప్తిగా వెనక్కి వాలాడు.

తర్వాత నర్సు వచ్చి తెర వేసింది. మందు ఎక్కిస్తున్నారు, రక్తం ఎక్కిస్తున్నారు, చేయగలిగింది అంతా చేస్తున్నామని డాక్టరమ్మ మెట్ల దగ్గర చెప్పింది. ఆవిడ కళ్ళ కింద నలుపు చూస్తే నిద్రపోయినట్టు లేదు. ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. అందరూ చేయవలసిందే చేస్తున్నారు. అరవడానికి ఒక్క దుర్మార్గుడు దొరికినా ఆ రోజు నాకు కొంచెం ఊపిరి ఆడేది.

మర్నాడు ఫోను వచ్చింది. వేటమామే ఎత్తాడు. "ఆఁ," అన్నాడు. "ఆఁ, విన్నాను." ఫోను పెట్టేసి వాకిట్లోకి వెళ్ళి కుక్క పక్కన నేలమీద కూర్చున్నాడు.

మావాళ్ళలో చచ్చిపోయినవాడికి తన మనుషులే స్నానం చేయించాలి. ఎర్మెక్‌కు మేము చేయించలేదు. మూసిన పెట్టె వచ్చింది, ముసుగు మనుషులే దించారు. ముల్లా దూరంగా నిలబడి జనాజా నమాజు చదివాడు. ఆడవాళ్ళం మామూలుగానే వెళ్ళం, ఈసారి మగవాళ్ళు కూడా నలుగురైదుగురే వెళ్ళారు. కన్నతండ్రికి పిడికెడు మట్టి వేయడానికి మాత్రం చోటిచ్చారు.

మా గడప ఎవరూ తొక్కలేదు. భయం, వాళ్ళను అనడానికి లేదు. అత్తయ్య ఊయల ఊపుతూ ఒకటే మాట అనేది.

"వాటా దాచాం. కరిప్ ముసలాడికి చెందాల్సింది దాచాం. అందుకే."

"పిడుదు కరిచింది అత్తయ్యా," అనేదాన్ని నేను.

"పిడుదు ఎవరు పంపితే వచ్చింది?"

ఒక సంగతిలో ఆవిడ అన్నది తప్పు కాదు. దాచకపోతే కోటు లేదు. కోటు లేకపోతే పిడుదు లేదు.

జూన్‌లో గొర్రెలను కొండ మీదికి తోలవలసిన రోజు వచ్చింది. తోలడానికి వేటమామ ఒక్కడే మిగిలాడు. తుపాకీ తీసుకోలేదు, దాన్ని ఆయన మళ్ళీ ముట్టలేదు. గుర్రం సిద్ధం చేసుకుని వాకిలి దాకా వచ్చి ఆగాడు. నేను తారు డబ్బా పట్టుకుని నిలబడి లేను. గుమ్మంలో బిడ్డకు పాలిస్తున్నాను.

"కుయిన్," అన్నాడు చివరికి, "మేజోళ్ళు పైకి లాక్కున్నాను. తారు పట్టీలు ఎక్కడున్నాయో కోడలమ్మని అడుగు."

నేను లేచి తెచ్చి ఇచ్చాను. ఆయన మణికట్టుకు పట్టీ కట్టుకుంటుంటే ఒంటి చేత్తో ముడి పడలేదు. కోడలు మామగారి చెయ్యి ముట్టకూడదు. నేను కట్టాను.

*

ఎర్మెక్ పోయిన నలభయ్యో రోజు భోజనానికి జనం మళ్ళీ మా ఇంటికి వచ్చారు. బిడ్డ నలభైకీ తండ్రి నలభైకీ మధ్య ఒక ఎండాకాలం కూడా పట్టలేదు.

కరిప్ తాత అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. నక్కచర్మం టోపీ లేదు, మామూలు గుడ్డ టోపీ పెట్టుకున్నాడు. అత్తయ్య ఆయన కోసమే చూస్తోంది. ఉడికించిన గొర్రెతలను, అందరికంటే పెద్దవాడికి పెట్టేదాన్ని, స్వయంగా మోసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. పెట్టి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది. నేను సమోవార్ దగ్గర టీ పోస్తున్నాను.

"మా వాడు మీ వాటా దాచాడు," అంది. "తోడేలుని కోటు కింద పెట్టుకుని మీ ముందునుంచే తెచ్చాడు. చిన్నవాడు, తెలియక చేశాడు. చెప్పింది నేనే. మీ మనసులో ఏమైనా ఉంటే ఇవాళ తీసేయండి. ఉయ్యాల్లో ఇంకొకడున్నాడు."

ముసలాయన గొర్రెతల వైపు చూశాడు గాని చెయ్యి పెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దాచడమేమిటమ్మా," అన్నాడు. "మే నెల ఎండలో పత్తి కోటేసుకుని వస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. తోక కోటు కిందనుంచి వేలాడుతోంది, గుర్రం డొక్కకి తగులుతూ. వంతెనకి అవతల ఉండగానే చూశాను."

అత్తయ్య తలెత్తి చూస్తుంటే ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"పసిబిడ్డకని తెలుసు. ఊళ్ళో తెలియందెవరికి? నేను చూసినట్టుంటే దీవించాలి, దీవిస్తే వాడు దిగి నా ముందు పెట్టాలి. అది పద్ధతి. అందుకని చూడకుండా బకెట్టు వైపు తిరిగి కూర్చున్నాను. వాడు సలాం చెబితే కూడా తలెత్తలేదు." ఆయన గుడ్డ టోపీ సర్దుకున్నాడు. "నేను అడిగేవాణ్ణి కాదు. వెనకాల జీనుకి కట్టుకుని దర్జాగా తెచ్చినా అడిగేవాణ్ణి కాదు."

వేటమామ లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాకిట్లో కుయిన్ గొలుసు కదిలిన చప్పుడైంది. అత్తయ్య మోకాళ్ళ మీద అలాగే ఉంది. ముసలాయన ముందు గొర్రెతల చల్లారిపోతోంది.

నేను టీ కప్పు తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చాను. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. కుడి బొటనవేలి గోరు మొద్దుబారి, మధ్యలో అరిగిపోయి ఉంది, పిడుదులు చిదిమే మా ముసలివాళ్ళందరి గోళ్ళలాగే. ఆ చేతులకు ఏమీ కాలేదు. ఎర్మెక్ చెయ్యి ఒక్కసారి దానంతటదే వెళ్ళింది.

లోపల తుర్సిన్ లేచి ఏడుపు మొదలుపెట్టాడు. వెళ్ళి ఎత్తుకుని, వాడి చెవుల వెనకా, చంకల్లో, మెడ మడతల్లో వెతికాను. ఏమీ లేదు. మళ్ళీ మొదటినుంచి వెతికాను.